ఎదురు సాలు పట్టిన టీచరు

ఈ పొద్దున ఉగ్గానికి తడిపిన బొరుగులు పిండుతుంటే ఫోను మోగింది. తడి చేత్తోనే నొక్కాను. నాతో పాటు పది రాసిన సుజాత, మాట రికార్డు చేసి పంపింది. ఆమె మాట కంటే ముందు గాలి వచ్చింది. మా గుమ్మఘట్ట వైపు ఆషాఢంలో గాలి ఎట్లా ఉంటుందంటే, ఆరేసిన చీర పక్క వీధిలో దొరుకుతుంది. అదే గాలి ఫోనులో పడితే గోనెసంచి చింపినట్లు గర్రుమంటుంది. సుజాత ఆ గర్రు వెనకనుంచి ఏదో చెబుతూనే ఉంది, నా చెవికి మాత్రం ఎక్కలేదు. ఆ చప్పుడు వింటే నాకు గుర్తొచ్చేది హుసేనమ్మ టీచరే. ఆమె పాఠాలన్నీ గాలిలోనే వచ్చాయి. ఆమె ఇంట్లో సిగ్నలు దొరకదు. మిద్దె ఎక్కి, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పేది. ముందు గాలి, తరువాత ఆమె దగ్గు, ఆ తరువాత జీర్ణక్రియ.

ఆమెను మీరు చూసి ఉండరు. సన్నటి మనిషి, అప్పటికి ముప్పై అయిదు దాటి ఉంటాయి. కళ్లద్దాలకు నల్లదారం కట్టి మెడలో వేసుకునేది. దూదేకులవాళ్ల అమ్మాయి. మొదటి ఆదివారం మా అందరికీ తన పేరు చెప్పి, "మా నాయన ఊరూరా తిరిగి పరుపుల దూది ఏకినాడు. నేను మిమ్మల్ని ఏకుతా. గట్టిగా ఏకుతా, ఏడవద్దండి" అంది. మేం నవ్వలేదు. భయపడి కూర్చున్నాం. పద్నాలుగు మంది ఆడవాళ్లం, చిన్నపిల్లల బెంచీలలో మోకాళ్లు పట్టక పక్కకు తిరిగి కూర్చుని ఉన్నాం.

నేను అక్కడికి ఎందుకు పోయానో చెప్పాలి. నా చదువు అయిదో తరగతి. మా ఊరి అంగన్‌వాడీలో పదహారేళ్లుగా ఆయాను. పిల్లల్ని ఇంటింటికీ పోయి ఎత్తుకొచ్చేది నేను, వండేది నేను, ముక్కు తుడిచేది నేను, కథ చెప్పేది కూడా నేనే. కార్యకర్త ఉద్యోగం మాత్రం నాది కాదు, దానికి పది ప్యాసు కావాలి. మా కార్యకర్త ఇంకో రెండేళ్లలో దిగిపోతుంది. ఆ లోపల పది అయితే ఆ కుర్చీ నాకు రావచ్చు, కాకపోతే ఎవరో కొత్త పిల్ల వస్తుంది, నేను ఆమెకు కూడా ఆయాగానే ఉంటాను. నా లెక్క అంతే. బడికి రోజూ పోనక్కరలేకుండా పది రాసే చదువు ఒకటుందని, పాఠాలు ఫోనులో వస్తాయని, ఆదివారం ఒక్కరోజు మండలంలోని బడికి పోతే చాలని విని పేరు రాయించాను.

ఫోనులో చదువంటే మొదట మాకు ఏమీ తెలియదు. టీచరు పొద్దున ఒక పాఠం గొంతుతో పంపేది. కింద మేమందరం బొటనవేలు బొమ్మ పెట్టేవాళ్లం. పద్నాలుగు బొటనవేళ్లు. పాఠం విన్నవాళ్లు పెట్టారు, విననివాళ్లు పెట్టారు. తిప్పమ్మ అయితే పాఠం రాకముందే పెట్టింది ఒకరోజు. తిప్పమ్మది కర్ణాటక అంచున ఉన్న పల్లె. సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడుతుంది, మాలో అందరికంటే పెద్దది. ఆదివారం టీచరు అడిగింది.

"తిప్పమ్మా, నేను పాఠం పెట్టకముందే నీకు అర్థమైపోయిందా?"

"మళ్లీ మరిచిపోతానని ముందే వేసినాను మేడమ్. మీరు చెప్పినాక బాగానే ఉంటాది కదా!"

టీచరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆ వారం నుంచి కొత్త కట్టడి పెట్టింది. బొమ్మలు పెట్టకూడదు. రోజుకు రెండు మాటలు ప్రతివాళ్లూ రాయాల్సిందే, రాసినవాళ్లకు మార్కు. ఇంక చూడండి. పొద్దున ఫోను తెరిస్తే "బాగుంది మేడమ్", "చాలా బాగుంది మేడమ్", "అవును మేడమ్", "సుజాత చెప్పింది కరెక్టు". సుజాత ఇంకా ఏమీ చెప్పలేదు అప్పటికి. నేను కూడా రాశాను, ఎందుకు దాచాలి? రెండు మాటలు రాసేస్తే ఆ రోజుకు చదువు అయిపోయినట్లు నాకు ఎంత సుఖంగా ఉండేదో! పది రోజులు చూసి టీచరు ఆ కట్టడి తీసేసింది. "తప్పు నాదే. మాట్లాడమంటే మాట్లాడతారా ఎవురైనా? మాట్లాడేదానికి ఏమైనా ఉండాల కదా" అంది. పిల్లల ముందు, ఆయాల ముందు తప్పు నాదే అనే టీచరును నేను అంతకుముందు చూడలేదు.

ఆ తరువాత వచ్చింది నా తలవంపు. నీళ్ల మీద పాఠం. మీ ఇంట్లో రోజుకు నీళ్లు ఎట్లా వాడతారో పది వరుసలు రాసి ఫొటో తీసి పెట్టమంది టీచరు. నాకు చదవడం నిదానంగా వచ్చు, రాయడమే పర్వతం. చెప్పమంటే ఒక పూట చెబుతాను, రాయమంటే చేయి కొయ్యబారిపోతుంది. సుజాత అందరికంటే ముందు రాసి పెట్టేసింది. ఆమె మిషను కుట్టుకునే పిల్ల, ఎనిమిది దాకా చదివింది, అక్షరాలు ముత్యాలు. నేను ఆ ఫొటో ముందు పెట్టుకుని ముగ్గు దించినట్లు దించాను. చుక్క తప్పలేదు. నేనే కాదు, ఇంకా అయిదారుగురు అదే పని చేశారు.

పావుగంటకు గాలి చప్పుడుతో టీచరు గొంతు వచ్చింది.

"అనుమక్కా, మీ అత్త పోయి ఆరేండ్లయిందని మొదటి ఆదివారం నువ్వే కదా చెప్పింది? మరి ఇంకా పొద్దున్నే రెండు బిందెలు పోసుకుంటా ఉండాదే!"

సుజాత రాసింది వాళ్ల అత్త సంగతి. చచ్చిపోయిన మా అత్తకు నేను గమనించకుండానే రోజూ రెండు బిందెల స్నానం చేయించాను. మూడు మేకలకు నీళ్లు కూడా పెట్టాను. మాకు మేకలు లేవు. ఫోను నిండా నవ్వే ముఖాలు వచ్చి పడ్డాయి, వానాకాలం ఉసిళ్లలాగా. ఒకామె "అక్కా, మీ అత్తను అడిగినానని చెప్పు" అని రాసింది. ఎవరికైనా నవ్వొస్తుంది, ఇప్పుడు నాకూ వస్తుంది. ఆ రోజు మాత్రం చెవులు కాలిపోయాయి. నలభై రెండేళ్ల మనిషిని. కథలు చెప్పడంలో మా ఊళ్లో నన్ను మించినవాళ్లు లేరని పేరు. ఫోను తీసి బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను. ఆ ఆదివారం పోలేదు. ఆ మరుసటి ఆదివారమూ పోలేదు. నాకు ఈ కుర్చీ వద్దు, ఏమీ వద్దు, చీపురూ గరిటే చాలు అనుకున్నాను.

అది వేరుశనగలో కలుపు తీసే కాలం. ఒక సెలవు రోజు మా చేలో నలుగురం వంగి ఉన్నాం. గట్టు మీద ఎవరో మనిషి, గాలికి కొంగు పట్టుకుని నిలబడి ఉంది. చూస్తే టీచరు. బస్సు దిగి మూడు మైళ్లు నడిచి వచ్చింది.

"ఏమక్కా, ఫోను ఎత్తవు, రావు. యాడికి పోయినావు అనుకున్నా."

"ఈడే ఉండాను మేడమ్. మాకు ఈ చదువులు పడవు."

నేను తల ఎత్తలేదు. ఆమె చెప్పులు గట్టు మీద వదిలేసి, చీర ఎత్తి దోపుకుని, నా పక్క సాలులో కూర్చుంది. "నేనూ తీస్తా, చెప్పు." గరికకూ వేరుశనగకూ తేడా తెలుసు గానీ, తుంగ పీకబోయి దాని పక్కనున్న శనక్కాయ చెట్టు కూడా పీకేసేది. మా పక్కింటి గంగులమ్మ చూసి ఓర్చుకోలేక, "మేడమ్, అట్లయితే పంట మీరే కోసుకొని పోయినట్లయితాది" అంది. టీచరు పీకిన మొక్కను చేతిలో పట్టుకుని దిక్కులు చూసింది. అప్పుడు నవ్వాను నేను, పదిహేను రోజుల తరువాత.

ఆ నవ్వు చూసి ఆమె నెమ్మదిగా అంది. "అక్కా, దించినది తప్పే. కానీ దాన్ని అందరి ముందర అడిగింది నా తప్పు. నువ్వు నవ్వుకుంటావనుకున్నా. నువ్వు నొచ్చుకునేది నా కండ్లకు కనపడలేదు. ఎదురుగా ఉండి ఉంటే నీ ముఖం చూసి ఆపేసి ఉందును. ఫోనులో ముఖం కనపడదు, అది నేను మరిచిపోయినా."

నేను మళ్లీ కలుపు మీదికి వంగాను. చేతులు ఆడిస్తూ ముందుకు పోయాను. నా సాలు అయిపోయింది. వెనక్కి చూస్తే ఆమె ఇంకా సగంలో ఉంది. మా వైపు అలవాటు ఏమిటంటే, ముందు అయిపోయినవాళ్లు గట్టు మీద కూర్చోరు. వెనకబడినవాళ్ల సాలును అవతలి కొసనుంచి అందుకుని ఎదురుగా వస్తారు. ఇద్దరూ ఎక్కడో ఒకచోట కలుస్తారు. నేను ఆ అలవాటు కొద్దీ ఆమె సాలులో ఎదురుగా వచ్చాను. ఆమె తల ఎత్తేసరికి నా చేతులు ఆమె చేతుల ముందు ఉన్నాయి.

"నీది అయిపోయింది కదా, మళ్లీ ఈ సాలులోకి ఎందుకొచ్చినావు?"

"వెనకపడినోళ్లను వదిలేసి కూచుంటే ఏం బాగుంటాది మేడమ్? పొద్దుగూకుతాంటే ఒకర్తే మిగిలిపోతాది."

"అయితే మొత్తం సాలు నువ్వే తీయొచ్చు కదా?"

"మొత్తం తీస్తే వాళ్లకు కూలి ఎట్లా చెల్లుతాది? చేతికి పని ఎట్లా వస్తాది? సగంలో కలిస్తే చాలు."

టీచరు ఆ మట్టిలోనే కూర్చుండిపోయింది. కళ్లద్దాల మీద దుమ్ము. అట్లనే నన్ను చూసి అంది. "సుజాత నీ సాలంతా తానే తీసేసింది. తీసేటట్లు చేసింది నేను. అందరికీ ఒకే ప్రశ్న వేసి, ముందు రాసినోళ్లకు మెప్పు చెప్తే ఇంకేమయితాది?" తరువాత చేయి దులుపుకుని, "ఆదివారం రా అక్కా. రాకపోతే నేను మళ్లీ వస్తా. ఈసారి ఇంకో రెండు సాళ్లు పీకి పోతా" అంది. గంగులమ్మ నా వైపు తిరిగి చేతులెత్తి దండం పెట్టింది, "అమ్మా, పో అక్కా, చదువుకో, చేను మిగులుతాది" అని.

పోయాను. బెంచీలు గోడకు జరిపి ఉన్నాయి. కింద చాప. టీచరు పాఠం చెప్పలేదు. "పాఠం ఫోనులో ఇముడుతుంది. మీరు ఇమడరు. అందుకే ఆదివారం పాఠానికి కాదు, మీకు" అంది. ఎవరెవరికి ఏది అర్థం కాలేదో అది తీసుకురావాలి. అర్థం కానిది ఏమీ లేదన్నవాళ్లకు టీ లేదు. మొదటి వారం ముగ్గురికి టీ పోయింది. రెండో వారానికి అందరూ ప్రశ్నలు మూటగట్టుకుని వచ్చారు. ఫోనులో వేసే ప్రశ్నలూ మారిపోయాయి. పులియడం గురించి పాఠం వస్తే, మీ ఇంట్లో పిండి ఎండాకాలం ఎంతసేపటికి పొంగుతుంది, చలికాలం ఎంతసేపటికి, కుండ ఎక్కడ పెడతారు అని అడిగేది. ఎవరి కుండ వాళ్లది. ఒకరిది చూసి ఒకరు ఎట్లా దించుతారు? తిప్పమ్మ తన కన్నడంలోనే గొంతు పంపింది, చలికాలంలో కుండను గొంగళిలో చుట్టి పొయ్యి పక్కన పెడతానని. సుజాతకు అది తెలియదు. "ఎందుకక్కా గొంగళి?" అని సుజాత అడిగింది. తిప్పమ్మ జీవితంలో మొదటిసారి ఎనిమిది దాకా చదివిన పిల్లకు పాఠం చెప్పింది. ఆ రోజు బొటనవేలు ఎవరూ పెట్టలేదు, గుర్తే రాలేదు.

పాఠం ముందు అయిపోయినవాళ్లు వెనకున్నవాళ్లకు ఫోను చేయాలని ఒప్పందం. రాసి ఇవ్వకూడదు. చివరనుంచి చెబుతూ రావాలి. సుజాత రోజూ మాపటేళ చేసేది. "అక్కా, నేను కొసనుంచి వస్తాండా, నువ్వు మొదటినుంచి రా." గుండెకు రక్తం ఎట్లా వస్తుందో నేను చెప్పాలి, ఎట్లా పోతుందో ఆమె చెప్పాలి, నడుమ ఎక్కడో కలవాలి. కొన్ని రోజులు నేను ఒకటిన్నర వరుస కూడా రాలేకపోయేదాన్ని. "రా అక్కా, నేను నిలబడే ఉండాను" అనేది.

టీచరు దగ్గర ఇంకో గుణం ఉండేది, దానికి నేను మొదట విసుక్కునేదాన్ని. ప్రశ్న అడిగి ఊరుకునేది. జవాబు అందించేది కాదు, ఇంకొకరి వైపు తిరిగేది కాదు, గడియారం చూసేది కాదు. ఫ్యాను తిరుగుతూ ఉండేది. ఎవరో ఒకరు ఉండలేక నోరు తెరిచేవాళ్లు. తెరిచేది చాలాసార్లు నేనే. ఒకసారి నేను నోరు తెరవబోతుంటే నా మోకాలి మీద చేయి వేసింది. "నీకు తెలుసు అక్కా. వాళ్లకు తెలుసునో లేదో నాకు తెలియాల. కొంచేపు ఓర్చుకో." ఆ కొంచెంసేపు నాకు ప్రసవమంత కష్టం అయింది. ఎదురుగా కూర్చున్న ఒకామె, అంతవరకూ ఒక్క మాట ఆడని మనిషి, తల దించుకునే మెల్లగా మొదలుపెట్టింది. తప్పు చెప్పింది. కానీ చెప్పింది.

పరీక్ష రోజు హాలులో పక్కన ఎవరూ మాట్లాడకూడదు, ఎదురు ఎవరూ రారు. కాగితం చూసి చేయి మళ్లీ కొయ్యబారింది. కళ్లు మూసుకున్నాను. నేను చదివినది కంటికి గుర్తుండదు, చెవికి గుర్తుంటుంది. పిండి పొంగడం తిప్పమ్మ గొంతులో వచ్చింది, కన్నడంతో సహా. గుండె సుజాత గొంతులో వచ్చింది, వెనక ఆమె కుట్టుమిషను చప్పుడు. నా సగం నేను చెప్పుకున్నాను, ఆమె సగం ఆమె చెప్పింది, నేను రాసుకుంటూ పోయాను. ఇది దించడం అవుతుందా అని ఒక క్షణం భయం వేసింది కూడా.

లెక్కలు పోయాయి. మిగిలినవన్నీ అయ్యాయి. మా ఊరి కార్యకర్త దిగిపోయేసరికి నా చేతిలో లెక్కలు లేవు, ఆ కుర్చీలోకి కొత్త పిల్ల వచ్చింది. నేను ఆమెకు ఆయాగా ఒక ఏడాది చేశాను. అదే ఏడాది లెక్కలు మళ్లీ రాశాను, ఈసారి సుజాతకు నేను ఫోను చేసి, "కొసనుంచి రా" అని అడిగి అడిగి. అయింది. మూడు మైళ్ల అవతలి పల్లెలో ఖాళీ వస్తే కార్యకర్తగా నన్నే తీసుకున్నారు. అనుకున్న కుర్చీ కాదు. కుర్చీకి ఒక కాలు కూడా కొంచెం పొట్టి. నాకు చాలు.

అప్పటికి హుసేనమ్మ టీచరు గుంతకల్లు పోయింది. వాళ్లాయనకు రైల్వేలో పని. ఉద్యోగం వచ్చిందని ఫోను చేస్తే సంతోషం అని ఊరుకోలేదు. "మొదటి రోజు ఏం చేస్తావు అక్కా?" అని అడిగింది. అడిగి ఎప్పటిలాగే ఊరుకుంది. నేను ఏదో చాలా చెప్పాను. అదంతా విని, "అంతా నువ్వే మాట్లాడతాండావు, తల్లులు ఎప్పుడు మాట్లాడేది?" అంది. నవ్వుతూనే అంది. నాకు తగిలింది.

తగిలింది కానీ వెంటనే నేర్చుకోలేదు. కొత్త పల్లెలో ఒక బిడ్డ బరువు పెరగడం లేదు. తల్లి పొద్దున కూలికి పోయే మనిషి. ప్రతి నెలా ఆమెకు గుడ్డు సంగతి, పప్పు సంగతి, ఆకుకూర సంగతి చెప్పాను. మా ఊరి పిల్లల కథలు కలిపి బాగా చెప్పాను. "సరే అక్కా, సరే అక్కా" అని తల ఊపేది. మూడు నెలలు. ముల్లు కదలలేదు. నాలుగో నెల బరువు చూసి మళ్లీ మొదలుపెట్టబోయి ఆగాను.

"బిడ్డకు మధ్యాన్నం ఎవురు పెడతారమ్మా? ఎట్లా పెడతారు? చెప్పు."

ఆమె నేల చూసింది. నా నాలుక మీద పది మాటలున్నాయి. ఆమెకు బదులు నేనే చెప్పేయగలను. పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. బయట గాలికి తలుపు కొట్టుకుంటోంది, లేచి గడియ పెట్టాలనిపించినా లేవలేదు. పిల్లలు పలకలతో తగువులాడుకుంటున్నారు. ఆమె కొంగు కొస వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది.

"మా అవ్వ పెడతాదక్కా" అంది చివరకు. "అవ్వకు నోట్లో పండ్లు లేవు. ఆయమ్మ తినేదే దీనికీ పెడతాది. గంజి. గుడ్డు పెట్టమంటే బిడ్డ గొంతులో ఇరుక్కుంటాదని భయం. నేను చెప్తే వినదు."

మూడు నెలలు నేను చెప్పిన పాఠం ఒక్క ముక్క కూడా ఆ బిడ్డ కంచం దాకా పోలేదు. కంచం దగ్గర ఉన్న మనిషిని నేను ఒక్కసారి కూడా చూడలేదు. మరుసటి రోజు అవ్వను తోడుకుని రమ్మన్నాను. వచ్చింది, మనవరాలి చేయి పట్టుకుని, నాకు ఎవరూ ఏమీ చెప్పక్కరలేదన్నట్లు ముఖం పెట్టుకుని. చాప వేసి కూర్చోబెట్టాను. నీళ్లిచ్చాను. బిడ్డను ఆమె ఒళ్లోనే ఉంచాను.

"అవ్వా, నువ్వు ఎంతమందిని సాకినావు? వాళ్లకు ఏం పెట్టి సాకినావు?" అని అడిగాను.

అడిగి, నోరు మూసుకున్నాను.